దవడ కీలును ఎవరికీ చెందనిదిగా వదిలేయకండి: దంతవైద్యులకు, వైద్యులకు ఒక రోగి బహిరంగ లేఖ

గౌరవనీయులైన దంతవైద్యులకు, వైద్యులకు, ఈ రెండు విద్యల పాఠ్యప్రణాళికలను నిర్ణయించే పెద్దలకు నమస్కారాలతో రాస్తున్న లేఖ.

నేను తరగతి గదిలో పాఠాలు చెప్పే మనిషిని. రోజుకు ఐదారు గంటలు మాట్లాడటమే నా జీవనాధారం. కొన్నేళ్ళ కిందట ఒక ఉదయం నిద్ర లేచి ఆవలించబోతే నోరు సగంలోనే ఆగిపోయింది. కుడి చెవికి సరిగ్గా ముందు, లోపల ఏదో మేకు అడ్డం పడినట్టు అనిపించింది. అద్దం ముందు నిలబడి పళ్ళ మధ్య వేళ్ళు నిలువుగా పెట్టి చూసుకుంటే రెండు వేళ్ళు కూడా పట్టలేదు. నోరు తెరవబోయిన కొద్దీ గడ్డం కుడివైపుకు వాలిపోతోంది.

అది ఒక్క రాత్రిలో వచ్చిపడినది కాదు. కాలేజీ రోజుల నుంచి నోరు తెరిచినప్పుడల్లా కుడి చెవి దగ్గర టక్కుమని చప్పుడు వచ్చేది. నొప్పి లేదు గనుక పట్టించుకోలేదు. ఆ ఉదయానికి రెండేళ్ళ ముందు నుంచి మాత్రం చెవిలో నొప్పి, బరువు, అప్పుడప్పుడు సన్నని మోత మొదలయ్యాయి. చెవి, ముక్కు, గొంతు చూసే వైద్యుడి దగ్గరికి వెళ్తే దీపం వేసి చూసి, చెవిలో ఏ దోషమూ లేదన్నారు, అది నిజమే. దంతవైద్యుడి దగ్గరికి వెళ్తే ఎక్స్‌రే తీసి, కింది దవడపన్నులో పాత ఫిల్లింగు కింద నీడ ఉందని రూట్ కెనాల్ చేశారు. నొప్పి తగ్గలేదు. పక్క పన్నుకూ చేశారు. అప్పటికీ తగ్గకపోతే మొదటి పన్నును తీసేశారు. ఆ రోజు గంటకు పైగా నోరు పెద్దదిగా తెరిపించి ఉంచారు. దవడ పట్టేసింది ఆ తర్వాత తొమ్మిదో రోజున.

వీరిలో ఎవరి మీదా ఫిర్యాదు చేయడానికి ఈ లేఖ రాయడం లేదు. ప్రతి ఒక్కరూ తమకు నేర్పిన చోట శ్రద్ధగానే వెతికారు. చెవి వైద్యులు చెవిలో, దంతవైద్యులు పంటిలో, తలనొప్పి కోసం చూసిన వైద్యులు తలలో వెతికారు. చెవికీ పంటికీ తలకూ మధ్య, చర్మం కింద వేలెడు దూరంలో ఉన్న కీలు మీద మాత్రం ఎవరూ వేలు పెట్టి నొక్కి చూడలేదు. మీ రెండు విద్యల సరిహద్దులో ఉండటమే దాని దురదృష్టం. ఆ సరిహద్దును మీరిద్దరూ కలిసి చూసుకోవాలనీ, తిరిగి సరిదిద్దలేని పని ఏదీ ఆ కీలును పరీక్షించకముందు చేయవద్దనీ వేడుకోవడానికే ఇది రాస్తున్నాను.

మీకు తెలిసిన శరీర నిర్మాణాన్నే మళ్ళీ చెబుతున్నందుకు మన్నించండి. ఈ లేఖను నాలాంటి రోగులు కూడా చదువుతారు, వారికి ఇది ఎవరూ చెప్పి ఉండరు. చెవి రంధ్రానికి ముందు వేలు ఆనించి నోరు తెరిచి మూస్తే కింద కదిలేదే దవడ కీలు. కింది దవడ ఎముక చివరి గుండ్రటి తల, కణత ఎముక అడుగున ఉన్న గుంటలో కూర్చుని ఉంటుంది. ఆ రెంటి మధ్య నారలాంటి కణజాలంతో చేసిన పల్చని బిళ్ళ ఒకటి మెత్తలా ఉంటుంది. నోరు తెరిచేటప్పుడు మొదటి రెండు, రెండున్నర సెంటీమీటర్ల వరకు ఎముక తల ప్రధానంగా ఉన్నచోటనే తలుపు బందులా తిరుగుతుంది. ఆ తర్వాత గుంటలోంచి బయటికి జారి ముందుకు వస్తుంది, బిళ్ళ కూడా దానితోపాటు జారుతుంది. తిరగడం, జారడం రెండూ ఒకే కీలులో జరగడం, పైగా ఎడమ కుడి కీళ్ళు ఒకే ఎముకకు రెండు చివరలు కావడం వల్ల ఒకటి కదలకుండా రెండోది కదలలేకపోవడం దీని ప్రత్యేకత. మోకాలు నొప్పిగా ఉంటే నాలుగు రోజులు మంచం మీద ఉండవచ్చు. దవడకు ఆ అవకాశం లేదు. తినాలి, మాట్లాడాలి, ఆవలించాలి, నిద్రలో కూడా లాలాజలం మింగాలి.

రోగి తన నొప్పిని చెవినొప్పి అనో పంటినొప్పి అనో చెప్పడానికి కారణం కూడా ఆ నిర్మాణంలోనే ఉంది. ముఖానికి స్పర్శనిచ్చే ఐదో కపాల నాడి మూడో శాఖే కింది పళ్ళకూ, దవడ కీలుకూ, చెవి రంధ్రంలో కొంత భాగానికీ, చెవి ముందున్న చర్మానికీ పోతుంది. నమిలే కండరాలన్నిటినీ నడిపేది అదే శాఖ. కర్ణభేరిని బిగించే చిన్న కండరాన్ని నడిపేదీ అదే. ఒకే దారిలో వచ్చే కబుర్లలో ఏది ఏ ఇంటి నుంచి వచ్చిందో మెదడు సరిగా పోల్చుకోలేదు. చెంపలో ఉన్న నమిలే కండరం నొప్పిపెడితే అది దవడపళ్ళలో తెలుస్తుంది, కణత కండరం నొప్పిపెడితే పైపళ్ళలో తెలుస్తుంది. పన్ను చూపించి ‘ఇక్కడే నొప్పి’ అని రోగి ఒట్టేసి చెప్పినా ఆ పన్నుకు ఏ జబ్బూ లేకపోవచ్చు. నేను అలాగే చెప్పాను. నా మాటనే వారు నమ్మారు.

నోరు పట్టేసిన పది రోజుల తర్వాత నేను కలిసిన ఒక దంతవైద్యురాలు, ముఖనొప్పుల గురించి ప్రత్యేకంగా చదువుకున్నవారు, నన్ను కుర్చీలో వెనక్కి వాల్చలేదు. ఎదురుగా కూర్చోబెట్టి, నొప్పి ఎప్పుడు మొదలైంది, నమిలితే పెరుగుతుందా, ఉదయం ఎక్కువా సాయంత్రం ఎక్కువా, నిద్ర ఎలా ఉంది అని అడిగారు. చిన్న స్కేలు తీసుకుని పై ముందుపళ్ళ అంచు నుంచి కింది ముందుపళ్ళ అంచు దాకా కొలిచి, 22 మిల్లీమీటర్లు అని రాసుకున్నారు. తర్వాత చూపుడు వేలితో నా చెంపను, కణతను, చెవి ముందు భాగాన్ని ఒక్కొక్కచోట రెండు సెకన్ల పాటు నొక్కుతూ వచ్చారు. చెంప కండరం మీద ఒకచోట నొక్కగానే చెవిలోపల, తీసేసిన పన్ను ఉండిన చోట, ఒక్కసారిగా అదే నొప్పి లేచింది. ‘మీకు రోజూ వచ్చే నొప్పి ఇదేనా?’ అని అడిగారు. రెండేళ్ళలో నన్ను ఆ ప్రశ్న అడిగినవారు ఆమె ఒక్కరే. అవునని చెప్పడానికి నాకు మాట రాలేదు, కన్నీళ్ళు వచ్చాయి.

ఆ ప్రశ్న ఆమె సొంతంగా కనిపెట్టినది కాదని తర్వాత తెలుసుకున్నాను. దవడ కీలు రుగ్మతలను నిర్ధారించడానికి అంతర్జాతీయంగా ఒప్పుకున్న ప్రమాణాలు 1992లో మొదటిసారి పరిశోధనల కోసం వచ్చాయి. వాటిని సరిదిద్ది, రోజువారీ వైద్యంలో వాడుకునేలా 2014లో ప్రచురించారు. చెంప, కణత కండరాలను సుమారు ఒక కిలో బరువంత ఒత్తిడితో నొక్కడం, పుట్టిన నొప్పి రోగికి పరిచయమైనదేనా అని అడగడం, నోరు ఎంత తెరుచుకుంటుందో మిల్లీమీటర్లలో కొలవడం అందులో భాగాలే. దీనికి కావలసినవి ఒక వేలు, ఒక స్కేలు, పది నిమిషాల సమయం. వీటిలో దేనికీ యంత్రం అక్కరలేదు. అంత సులువైన పరీక్ష ఇన్నేళ్ళ తర్వాత కూడా ఎందుకు అరుదుగా జరుగుతోందన్నదే నా బాధ.

‘దవడ కీలు సమస్య’ అని అందరం ఒకే మాటతో పిలుస్తున్నా, అది ఒక్క జబ్బు కాదు. అమెరికా జాతీయ విజ్ఞాన, ఇంజనీరింగ్, వైద్య అకాడమీలు 2020లో వెలువరించిన పెద్ద నివేదిక ఆ పేరు కింద 30కి పైగా రుగ్మతలున్నాయని చెప్పింది. వాటిలో మొదటి రకం కండరాలకు సంబంధించినది. కీలు బాగానే ఉండి నమిలే కండరాలే నొప్పిపెట్టడం అన్నిటికంటే సాధారణం. రెండో రకం, బిళ్ళ తన చోటు నుంచి ముందుకు జారడం. జారిన బిళ్ళ నోరు తెరిచినప్పుడు మళ్ళీ ఎముక తల మీదికి ఎక్కేటప్పుడు వచ్చేదే టక్కుమనే చప్పుడు. ఎక్కలేక ముందువైపే చిక్కుకుపోతే, జారవలసిన ఎముక తలకు దారి లేక నోరు సగంలో ఆగిపోతుంది; నాకు జరిగింది అదే. మూడో రకం కీలు అరుగుదల, వాపు. అప్పుడు చప్పుడు టక్కుమని కాక ఇసుక నలిగినట్టు వస్తుంది. ఈ మూడూ ఒకే మనిషిలో కలిసి ఉండటం కూడా కద్దు.

ఇక్కడ రోగులకు ఒక మాట తప్పక చెప్పాలి. చప్పుడు ఒక్కటే ఉండి, నొప్పి లేక, నోరు పూర్తిగా తెరుచుకుంటూ ఉంటే దానికి చికిత్స అవసరం లేదు. ఏ బాధా లేని ఆరోగ్యవంతులకు ఎంఆర్ఐ తీసి చూసినా దాదాపు మూడో వంతు మందిలో బిళ్ళ తన చోటు నుంచి జారి కనిపిస్తుంది. వారిలో ఎక్కువమంది జీవితాంతం ఏ ఇబ్బందీ లేకుండా గడుపుతారు. అందుచేత చిత్రాన్ని చూసి కాక మనిషిని చూసి వైద్యం చేయాలి. చప్పుడు విని భయపడి వచ్చినవారికి ధైర్యం చెప్పి పంపడం కూడా వైద్యమే. నొప్పి ఉన్నవారిలో సైతం చాలామందికి కొన్ని వారాల్లో, నెలల్లో అదే సర్దుకుంటుంది. కొద్దిమందికే అది పాతుకుపోతుంది. ఆ కొద్దిమంది ఎవరో ముందుగా గుర్తించగలిగితేనే మీ నైపుణ్యం వారికి అక్కరకొస్తుంది.

మన భాషలో ఓర్పుకు పెట్టిన పేరే పంటి బిగువు. కష్టాన్ని పంటి బిగువున భరించినవారిని మెచ్చుకుంటాం. నేను కూడా ఆ రెండేళ్ళూ నొప్పిని అక్షరాలా అలాగే భరించాను, అదే నాకు చేటు చేసింది. ఆరోగ్యంగా ఉన్న మనిషి పెదవులు మూసుకుని ఉన్నా పై పళ్ళకూ కింది పళ్ళకూ మధ్య రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల ఎడం ఉంటుంది. నమలడంలో, మింగడంలో పళ్ళు ఒకదానికొకటి తగిలే సమయమంతా కూడితే రోజు మొత్తం మీద ఇరవై నిమిషాలు కూడా కాదంటారు. నేను ప్రశ్నపత్రాలు దిద్దుతున్నా, వంటింట్లో పని చేస్తున్నా, ఎవరి మాటైనా మనసుకు తగిలినా, గంటల తరబడి పళ్ళు ఆనించే ఉంచేదాన్నని నాకే తెలియదు. దంతవైద్యురాలు నా ఫోనులో గంటకోసారి మోగేలా పెట్టుకుని, మోగినప్పుడు పళ్ళు తగులుతున్నాయో లేదో చూసి రాసుకోమన్నారు. మొదటి రోజు పద్నాలుగు సార్లకు పదకొండు సార్లు తగులుతూనే ఉన్నాయి.

రాత్రి నిద్రలో పళ్ళు కొరకడం అందరికీ తెలుసు; పగలు మెలకువలో బిగించి ఉంచడం గురించి అడిగేవారు తక్కువ. ఈ రెండూ వేర్వేరు. 2018లో వివిధ దేశాల నిపుణులు కుదుర్చుకున్న అభిప్రాయం ప్రకారం, మరే జబ్బూ లేనివారిలో పళ్ళు కొరకడాన్ని వ్యాధిగా కాక కండరాల అలవాటుగా చూడాలి. కొందరికి అది హాని చేయవచ్చు, కొందరికి చేయకపోవచ్చు. దిగులు తగ్గడానికి ఇచ్చే కొన్ని మందుల వల్ల కూడా ఇది మొదలవుతుంది గనుక రోగి ఏ మందులు వాడుతున్నారో దంతవైద్యులు అడగాలి, ఆ మందులు రాసే వైద్యులు రోగి దవడ గురించి అడగాలి. ‘పెదవులు కలిసి, పళ్ళు విడిగా, నాలుక అంగిలికి మెల్లగా ఆనించి’ అన్న ఒక్క సూచనను నేను నేర్చుకోవడానికి రెండు పళ్ళ రూట్ కెనాల్ ఖర్చు అక్కరలేదు కదా.

ఇప్పుడు చరిత్రలోకి కొంచెం వెళ్తాను, ఎందుకంటే తొందరపాటు ఎంత దూరం తీసుకువెళ్తుందో అందులో ఉంది. దవడ జారితే బొటనవేళ్ళు నోట్లో పెట్టి వెనక్కి కూర్చోబెట్టే పద్ధతి ప్రాచీన ఈజిప్టు వైద్యుల శస్త్రచికిత్స పత్రంలోనే ఉంది. నొప్పి సంగతి మాత్రం ఇరవయ్యో శతాబ్దం దాకా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1934లో జేమ్స్ కాస్టెన్ అనే అమెరికన్ చెవి వైద్యుడు, కొందరు రోగుల చెవి బాధలకూ తలనొప్పికీ మూలం దవడ కీలులో ఉందని రాశారు. పళ్ళు ఊడిపోవడం వల్ల దవడ అతిగా మూసుకుని, ఎముక తల వెనక్కి జరిగి నాడులను నొక్కుతోందని ఆయన భావించారు. చెవికీ దవడకూ సంబంధం ఉందన్న ఆయన పరిశీలన విలువైనది. నాడులు నలుగుతున్నాయన్న వివరణ మాత్రం శరీర నిర్మాణ శాస్త్రవేత్తల పరిశీలనకు నిలవలేదు. అయితే వివరణ కూలిపోయిన తర్వాత కూడా దాని నీడ మిగిలింది. పళ్ళ కూర్పు సరిగా లేకపోవడమే ఈ నొప్పికి మూలమని నమ్మి, దశాబ్దాల పాటు ఆరోగ్యకరమైన పళ్ళను అరగదీయడం, అన్నిటికీ తొడుగులు వేయడం జరిగింది. 1969లో డేనియల్ లాస్కిన్ అనే అమెరికన్ నోటి శస్త్రవైద్యుడు ఈ నొప్పిలో కండరాల అలసటకూ, మనసు మీది ఒత్తిడికీ ఉన్న పాత్రను ముందుకు తెచ్చారు. అంత స్పష్టంగా చెప్పినా, పళ్ళు అరగదీసే అలవాటు చాలా చోట్ల చాలాకాలం సాగింది.

అంతకంటే బాధాకరమైనది 1980ల కథ. జారిన బిళ్ళను తీసేసి, దాని స్థానంలో టెఫ్లాన్ పూసిన కృత్రిమ పదార్థాన్ని కీలులో అమర్చే శస్త్రచికిత్సలు అమెరికాలో వేలమందికి జరిగాయి. నమిలే ఒత్తిడికి ఆ పదార్థం అరిగి ముక్కలైంది. ఆ ముక్కలను శరీరం శత్రువులుగా భావించి దాడి చేసింది. ఆ దాడిలో చుట్టూ ఉన్న ఎముకే కరిగిపోయింది. 1990ల తొలి రోజుల్లో అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరికలు జారీ చేసి వాటిని వెనక్కి తీసుకునేలా చేసింది. అప్పటికే ఎందరో శాశ్వతమైన నొప్పితో, మళ్ళీ మళ్ళీ శస్త్రచికిత్సలతో మిగిలారు. వారిలో చాలామంది మొదట వైద్యుడి దగ్గరికి వచ్చింది నాకున్నటువంటి నొప్పితోనే అని తలచుకున్నప్పుడు నాకు ఒళ్ళు జలదరిస్తుంది. నేను పోగొట్టుకున్నది ఒక పన్ను మాత్రమే.

నేటి వైద్యం ఏం చెబుతోందో చూడండి. 2023 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన అంతర్జాతీయ మార్గదర్శకం, దీర్ఘకాలపు దవడ నొప్పికి గట్టిగా సిఫారసు చేసినవి ఇవి: ఆలోచనా ధోరణినీ నొప్పితో వ్యవహరించే తీరునూ మార్చే మానసిక చికిత్స, నిపుణుల చేతి సాయంతో దవడను కదిలించడం, కండరాల్లోని నొప్పి బిందువులను నొక్కి సడలించడం, ఒకరి పర్యవేక్షణలో చేసే దవడ వ్యాయామాలు, మెడ భుజాల భంగిమను సరిచేసే వ్యాయామాలు, ఇంట్లో చేసుకునే సాగదీతలు, వీటితో పాటు జబ్బు గురించి వివరించి చెప్పి భరోసా ఇవ్వడం. పళ్ళ మీద తొడుగులా తీసి పెట్టుకునే స్ప్లింట్లను, కండరాలను సడలించే బొటాక్స్ ఇంజెక్షన్లను, కీలును సూదితో కడగడాన్ని మామూలుగా వాడవద్దని షరతులతో సూచించింది. పళ్ళ అమరికను శాశ్వతంగా మార్చేసే స్ప్లింట్లను, బిళ్ళను తీసేసే శస్త్రచికిత్సను గట్టిగానే వద్దంది. అంటే, ఎక్కువ మేలు చేసేవి అన్నీ తిరిగి వెనక్కి తీసుకోగలిగినవి, ఎక్కువగా మాటతో, చేతితో చేసేవి. స్ప్లింటు అసలే పనికిరాదని నేను అనడం లేదు; పళ్ళు కొరికి అరగదీసుకునేవారి పళ్ళను అది కాపాడుతుంది. అయితే కొన్ని పళ్ళకే తొడిగే స్ప్లింటును నెలల తరబడి పెట్టుకుంటే మిగతా పళ్ళు కదిలిపోయి పళ్ళ కూర్పే మారిపోవచ్చు. ఆ సంగతి రోగికి ముందుగా చెప్పాలి.

నాకు చేసినది కూడా అదే. వేడి కాపడం, రోజుకు ఆరుసార్లు చేయవలసిన నాలుగు చిన్న వ్యాయామాలు, కొన్ని వారాలు మెత్తటి ఆహారం, ఫిజియోథెరపీ, నిద్ర సరిచేసుకోవడం, గంట మోగినప్పుడల్లా పళ్ళు విడదీయడం. నోరు తెరుచుకునే కొలత మూడు వారాలకు 27 మిల్లీమీటర్లు, మూడు నెలలకు 34, ఏడాది తిరిగేసరికి 41. పెద్దవారికి సాధారణంగా 40 నుంచి 55 వరకు ఉంటుందంటారు. బిళ్ళ తన చోటికి తిరిగి రాలేదు, రానవసరం లేదని కూడా ఆమె చెప్పారు, కీలు సర్దుకుంది. పరీక్షల కాలంలో, నిద్ర తక్కువైన రోజుల్లో నొప్పి ఇప్పటికీ వస్తుంది. వచ్చినప్పుడు ఏం చేయాలో తెలుసు గనుక దాని పట్ల నాకు మునుపటి భయం లేదు.

ఈ నొప్పి ఒక మనిషి బతుకును ఎలా కుదిస్తుందో కుర్చీ పక్కన నిలబడి చూసేవారికి పూర్తిగా కనిపించదు. నలుగురితో కూర్చుని తినడం మానేశాను, ఎందుకంటే వారంతా ముగించి చేతులు కడుక్కునేసరికి నేను సగంలో ఉండేదాన్ని. బరువు ఏడు కిలోలు తగ్గాను. తరగతిలో గట్టిగా పలకవలసిన మాటలను మెల్లగా పలికి, చివరి బెంచీ పిల్లలు వినలేక అల్లరి చేస్తే విసుక్కున్నాను. మనసారా నవ్వడానికి భయపడ్డాను. ఆవలింత వస్తోందంటే గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆపుకునేదాన్ని. ముద్దు పెట్టబోయిన నా చిన్న కూతురికి చెంప తిప్పేసుకున్న రోజు ఒకటుంది. ఆ రోజు దాని ముఖం నాకు ఇంకా గుర్తుంది. రాత్రుళ్ళు నిద్ర పట్టదు. నిద్ర లేనందువల్ల నొప్పి పెరుగుతుంది. నొప్పి పెరిగినందువల్ల నిద్ర పట్టదు. ఈ రుగ్మత ఉన్నవారిలో పార్శ్వపు తలనొప్పి, ఒళ్ళంతా నొప్పులు, పేగుల ఇబ్బందులు కలిసి ఉండటం తరచుగా కనిపిస్తుందని పరిశోధకులు చెబుతారు. అలాంటివారిలో నొప్పిని గ్రహించే వ్యవస్థే అతిసున్నితంగా మారి ఉంటుంది.

ఇన్నీ కలిసి వచ్చిన మనిషి, అందులోనూ స్త్రీ, ఎదుట కూర్చుంటే ‘ఇదంతా మీ మనసులో ఉంది’ అన్న మాట సులువుగా వచ్చేస్తుంది. నాతో ఆ మాట ఇద్దరన్నారు. మనసు మీది ఒత్తిడి ఈ నొప్పిని పెంచుతుందన్నది శాస్త్రం చెప్పిన నిజం. అందువల్ల నొప్పి లేదనడం నిజం కాదు. ఈ రెంటి మధ్య ఉన్న తేడా మీకు ఒక్క వాక్యం, రోగికి ఒక సంవత్సరం. వయోజనుల్లో నూటికి ఐదు నుంచి పన్నెండు మందికి ఈ బాధ ఉంటుందని అంచనా. పురుషుల కంటే స్త్రీలలో ఎక్కువ, అదీ ఇరవై నుంచి నలభై ఏళ్ళ మధ్యలో. అంటే చదువు, ఉద్యోగం, సంసారం, పిల్లల పెంపకం అన్నీ ఒకేసారి మీద పడే వయసు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. దవడ కీలు గురించి ఈ మధ్య ఎక్కువగా వినబడటం వల్ల, ప్రతి దవడ నొప్పినీ ఇందులోకి తోసేసే ప్రమాదమూ పెరిగింది. యాభై దాటినవారికి కొత్తగా కణతలో నొప్పి వచ్చి, నమిలితే దవడ లాగేసి, ఆపితే తగ్గి, తల దువ్వుకుంటే నెత్తి నొప్పిపెడుతుంటే అది కణత రక్తనాళాల వాపు కావచ్చు. ఆ రోజే స్టెరాయిడ్ మొదలుపెట్టకపోతే కంటిచూపు పోయే ప్రమాదం ఉంది. శ్రమ పడినప్పుడు దవడలోకి పాకే నొప్పి గుండెది కావచ్చు. ముఖంలో కరెంటు కొట్టినట్టు క్షణాలపాటు వచ్చి పోయే నొప్పి నాడి జబ్బు కావచ్చు. నోరు క్రమంగా మూసుకుపోతూ, మెడలో గడ్డ, ముఖంలో తిమ్మిరి, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే క్యాన్సర్‌ను ముందుగా తోసిపుచ్చాలి. పిల్లల విషయం మరీ జాగ్రత్తగా చూడాలి. గడ్డం మీద పడిన పిల్లవాడికి పైన చర్మానికి కుట్టు వేసి పంపేస్తే, లోపల కీలు తల విరిగినది తెలియకపోవచ్చు. తర్వాత కీలు అతుక్కుపోయి నోరు తెరుచుకోక, దవడ ఎదగక ముఖం ఒకవైపుకు వంకర పోతుంది. చిన్నపిల్లలకు వచ్చే కీళ్ళవాతంలో దవడ కీలు నొప్పి లేకుండానే పాడవుతుంది. అటువంటి పిల్లలను ప్రతిసారీ నోరు తెరవమని చూడటం వారి వైద్యుల బాధ్యత.

ఇక నా విన్నపాలు. దంతవైద్యులారా, కారణం స్పష్టంగా తేలని పంటి నొప్పితో వచ్చినవారి పన్నును ముట్టుకోకముందు దవడ కండరాలను నొక్కి చూడండి. ఎక్స్‌రేలో అనుమానం ఉండి, చల్లదనానికీ తట్టినప్పుడూ పన్ను మామూలుగానే స్పందిస్తుంటే ఆగండి. ఎక్కువసేపు నోరు తెరిచి ఉంచవలసిన పని ఉంటే మధ్యమధ్య మూసుకోనివ్వండి. ఇదివరకే చప్పుడో నొప్పో ఉన్నవారికైతే పనిని రెండు మూడు రోజులకు పంచండి. వైద్యులారా, చెవిలో ఏమీ లేని చెవినొప్పిని, కణతలో వచ్చే తలనొప్పిని చూసినప్పుడు నోరు తెరిపించి చూడండి. దంతవైద్యుడికి పంపేటప్పుడు ‘పన్ను చూడండి’ అని కాక ‘దవడ కీలు, కండరాలు చూడండి’ అని చీటీలో రాయండి. బీమా నిబంధనలు రాసేవారు ఈ లేఖ చదివే అవకాశం ఉంటే వారికి కూడా ఒక మాట: ఇది దంతాల ఖర్చు కాదని ఒకరు, వైద్యం ఖర్చు కాదని మరొకరు తిప్పి పంపుతుంటే, శస్త్రచికిత్సకు డబ్బు దొరికి ఫిజియోథెరపీకి దొరకని పరిస్థితి వస్తుంది.

పాఠ్యప్రణాళికలు నిర్ణయించే పెద్దలను మరీ ప్రత్యేకంగా ప్రార్థిస్తున్నాను. నేను కూడా పాఠాలు చెప్పేదాన్నే గనుక, పరీక్షలో అడగనిది పిల్లలు చదవరని నాకు తెలుసు. వైద్య విద్యార్థికి మోకాలిని, భుజాన్ని పరీక్షించడం నేర్పినట్టే దవడ కీలును పరీక్షించడం కూడా నేర్పండి. దంతవైద్య విద్యార్థికి దీర్ఘకాలపు నొప్పి ఎలా పుడుతుందో, నిద్రకూ మనసుకూ దానితో ఏం సంబంధమో, ఫిజియోథెరపిస్టుతో కలిసి ఎలా పని చేయాలో నేర్పండి. 2020 నాటి ఆ నివేదిక కూడా, వైద్యం, దంతవైద్యం రెండుగా విడిపోయి ఉండటమే ఈ రోగులు ఆ గట్టున ఈ గట్టున తిరగడానికి ముఖ్య కారణమని చెప్పింది. రెండు విద్యల పిల్లలనూ ఏడాదికి కొన్ని రోజులైనా ఒకే రోగి ముందు కలిసి కూర్చోబెట్టండి.

ఆఖరుగా ఒక చిన్న కోరిక. రోగి వివరాలు రాసే చీటీలో రక్తపోటుకు ఒక గడి ఉన్నట్టే, నోరు ఎంత తెరుచుకుంటుందో మిల్లీమీటర్లలో రాయడానికి ఒక గడి పెట్టించండి. కొలవడానికి అర నిమిషం చాలు. నా పాత చీటీలన్నీ ఒక కవరులో దాచుకున్నాను. వాటిలో నా రక్తపోటు పదకొండు చోట్ల ఉంది, పంటి సంఖ్య తొమ్మిది చోట్ల ఉంది. మొదటి రూట్ కెనాల్ చేసిన రోజున నా నోరు ఎంత తెరుచుకునేదో ఎక్కడా లేదు.

ఇట్లు,
మీ మీద నమ్మకం పోగొట్టుకోని
ఒక దవడ కీలు రోగి